సాక్ష్యం చెప్పిన నాలుగో రోజు

హలో… ఆ, నేనే, హెలెన్‌నే. ఎవరూ… పాపాయక్కా? వందనాలక్కా. ఇదెవరి నంబరు?

…పక్కింటావిడదా. అదేంటి, ఈ టైములో ఇంట్లో ఉన్నావు? ఇవాళ కంపెనీలో రొయ్యలు రాలేదా?

…సెలవు పెట్టావా. ఒంట్లో బాగానే ఉందా?

…హమ్మయ్య. చెప్పు మరి. ఏంటి, గొంతులో అంత సంతోషం?

…చిన్నమ్మాయికా? ఏంటది?

…టీసీ?

…ఆగక్కా. ఒక్క నిమిషం. ఐదో తరగతి పిల్లకి, ఏడాది మధ్యలో, బడి నుంచి టీసీ తీసుకొచ్చేశావా? ఎందుకు?

…నా—

…నన్ను చూసా.

…లేదు లేదు, వింటున్నాను. లైన్లోనే ఉన్నాను.

…ఊఁ… ఆదివారం గుళ్ళో నా సాక్ష్యం విన్న దగ్గర్నుంచీ అదే ఆలోచనా. ఊఁ.

…ఏడ్చావు, చూశానక్కా. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో. చూశాను.

…మా ఆశేరు అంతమందిలో నిలబడి కీర్తన గడగడా చదివేస్తుంటే… నీ కూతురు కూడా అలా నిలబడాలని. ఊఁ. మరి సత్తియ్య మాస్టారు? అడగ్గానే టీసీ రాసిచ్చేశారా?

…గంటసేపు బతిమాలారా. నువ్వేమన్నావు?

…నా పేరు చెప్పావా. 'కంప్యూటరు ఉద్యోగం చేసే హెలెనమ్మ గారే కొడుకుని బడి మానిపించి ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్నారండీ, ఆ బాబు తొమ్మిదేళ్ళకే అయ్యగారిలాగా వాక్యం చదివేస్తున్నాడండీ' అని. బాగా చెప్పావు. నాకంటే బాగా చెప్పావు.

…నవ్వట్లేదక్కా.

…ఏ యాప్ వెయ్యాలంటే… అది తర్వాత. నువ్వు పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ వచ్చేది ఆరింటికి. అప్పటిదాకా పిల్ల దగ్గర ఎవరుంటారు?

…మీ అత్తగారా. ఆవిడకి కళ్ళు కనపడవు కదా.

…చిన్నమ్మాయే మందుల మీద పేర్లు చదివి ఇస్తుందా. చూశావా మరి, చక్కగా చదువుతోందిగా. బడి బాగానే చెప్తోందిగా.

…ఫోను కొనిచ్చి కూర్చోబెడతావా. 'మీరూ అలాగే కదమ్మా'… ఆ. నేనూ అలాగే.

అది కాదక్కా, మనిద్దరిదీ ఒకటి కాదు. మావాడికి ఆ స్కూలు పడలేదు. పసుపు బస్సు మా సందు తిరిగితే చాలు, తిన్నదంతా కక్కేసేవాడు. లెక్కల సారు రోజూ బెంచీ ఎక్కించేవాడు. అందుకని మానిపించాం. చిన్నమ్మాయికి బడంటే ఇష్టం కదా?

…టీసీ తీసుకొస్తుంటే దారంతా ఏడ్చిందా.

…ఊఁ. నాలుగు రోజులకి అలవాటవుతుంది. ఊఁ.

ఇంకోటేంటంటే, ఇంట్లో చదువంటే నెట్ సరిగ్గా రావాలి, కరెంటుండాలి, మనకి కాస్త ఓపికుండాలి…

…ఆ. 'నాలో ఏమీ లేకపోయినా నా బిడ్డకి దేవుడే నేర్పించాడు' అని నేనే అన్నాను. మైకులోనే అన్నాను.

అక్కా, మాస్టారు రిజిస్టర్లో పిల్ల పేరు కొట్టేశారా?

…సాయంత్రం బడి వదిలాక కంప్యూటర్లో ఎక్కిస్తానన్నారా. అంటే ఇంకా ఎక్కించలేదు. ఇప్పుడు మూడూ పది. సరే.

సరే, నేనొకటి చెప్తాను. అయ్యేదాకా మధ్యలో ఏం అనకు. 'అమ్మా' అనకు, 'మీరు' అనకు. వింటే చాలు.

నేను అబద్ధం చెప్పాను.

…సాక్ష్యంలోనే.

…ఏదో కాస్త పెంచి చెప్పడం కాదక్కా. అసలుదే అబద్ధం. మా ఆశేరుకి చదవడం రాదు.

…రాదు. తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. వీడియో మీద యాడ్ వస్తే ఎక్కడ నొక్కాలో తెలుసు. అది చదవడం కాదు, గుర్తు.

…కీర్తనంతా బట్టీ. వాళ్ళ నాన్న రొయ్యల ఫీడు కంపెనీ పని మీద చెరువులకి వెళ్తూ కారులో వాక్యం ఆడియో పెడతారు. వీణ్ణీ ఎక్కించుకుంటారు. మా టైంటేబుల్లో ఆ చెరువుల తిరుగుడుని సైన్స్ అంటాంలే. అలా వినీ వినీ వచ్చేసింది. విన్నదేదీ మర్చిపోడు. ఆ తెలివి వాడిదే, అది మాత్రం అబద్ధం కాదు.

…నాకెలా తెలిసిందంటే, ముందు వరసలో కూర్చున్నాను కదా. వాడు తెరిచిన పేజీ నీలంగా కనపడింది. అక్షరాలుండే పేజీ నీలంగా ఎందుకుంటుంది? బైబిలు చివర, అట్ట దగ్గర, పటాలుంటాయి చూడు, సముద్రం, ఓడల దారులు. అది తెరిచి పట్టుకుని కీర్తన మొత్తం చదివాడక్కా. వేలు పెట్టి మరీ. నోరు కీర్తనలో ఉంది, వేలు సముద్రం మీద వెళ్తోంది.

…నవ్వు, ఫర్వాలేదు. నాకూ ముందు నవ్వే వచ్చింది. తర్వాత రాలేదు.

…లేదు. సాక్ష్యం చెప్పకముందే. తెలిసే లేచాను.

…ఎందుకంటే ఏం చెప్పను. అయ్యగారు మైకిచ్చి 'రెండు మాటలమ్మా' అన్నారు. మా అత్తగారు వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూసుకుంటున్నారు. రెండేళ్ళుగా 'పిల్లాణ్ణి పాడుచేస్తున్నావు' అన్న మనిషి. గుడంతా స్తోత్రం, స్తోత్రం అంటోంది. అందులో నిలబడి 'వాడికి చదవడం రాదండీ' అనాలి. అనలేదు. పది నిమిషాలు మాట్లాడాను. మధ్యలో ఏడ్చాను కూడా. అందులో నిజమేదైనా ఉంటే ఆ ఏడుపొక్కటే. మీరంతా అది సంతోషం అనుకున్నారు.

…పొద్దుటి నుంచీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్తానన్నదా? టైంటేబుల్ ఉందక్కా. ఫ్రిజ్ మీద, రంగుల్లో ప్రింటు తీసి. ఏడింటికి ప్రార్థన, అదొక్కటీ అవుతుంది. తొమ్మిదింటికి తెలుగు. తొమ్మిదింటికే నాకు మీటింగు. పదింటికి లెక్కలు. పదింటికి ఇంకో మీటింగు. ట్యాబ్ చేతిలో పెట్టి తలుపేసుకుంటాను. మధ్యాహ్నం 'ఏం చదివావు' అంటే వీడియోలో విన్నది పొల్లుపోకుండా అప్పజెప్పేస్తాడు. నేను టిక్కు పెట్టేస్తాను. నా ఉద్యోగం ఏంటో తెలుసా నీకు? ఎవరో చేసిన దాంట్లో తప్పులు వెతికి పట్టుకోవడం. దానికే నాకు జీతం.

…అది వేరే. బడి మానిపించడం తప్పని నేను అనట్లేదు. ఇప్పుడు కడుపునిండా తింటున్నాడు, నవ్వుతున్నాడు. ఆ స్కూలుకి మళ్ళీ పంపను. మానిపించి, పక్కన నేను కూర్చోలేదు. తప్పు అక్కడుంది.

…అక్కా?

…ఉన్నావా?

…అను. ఏదనాలనిపిస్తే అది అను.

…'నేను చదువుకోనిదాన్ని, నన్ను నమ్మించడం ఎంతసేపు'… ఊఁ. అవును. ఆ రోజు నువ్వు నా పక్కనే కూర్చున్నా, ఆ నీలం పేజీ చూసినా, అదేంటో నీకు తెలిసేది కాదు. నాకు తెలుసు. తెలిసి ఊరుకున్నాను.

…నాలుగు రోజులూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనక్కూడా. ఇవాళ నువ్వు ఫోన్ చెయ్యకపోతే ఇంకా చెప్పకపోదును.

అక్కా, నన్ను తిట్టడం తర్వాత తిడుదువుగాని. ముందు ఆ కాగితం పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళు. పోనీ నేను ఫోన్ చెయ్యనా ఆయనకి?

…వద్దా. సరే, నువ్వే వెళ్ళు. నా పేరే చెప్పు. హెలెన్ అబద్ధం చెప్పిందట, నేను నమ్మానని చెప్పు. సిగ్గుపడాల్సింది నేను, నువ్వెందుకు?

…సంఘంలో కూడా చెప్తాను. ఈ ఆదివారమే లేచి చెప్తాను. మైకివ్వకపోయినా చెప్తాను, మన గుడి హాలు చిన్నదే.

…అది కాదా? మరేంటి?

…లేదు.

…లేదక్కా, ఆశేరుకి ఏమీ చెప్పలేదు. నాకు తెలుసని వాడికి తెలీదు. అమ్మ నమ్మేసిందనే అనుకుంటున్నాడు. ఇప్పుడు నేను గదిలోంచి బయటికొస్తే చాలు, గబగబా ఏదో ఒక పుస్తకం తెరిచి పెదాలు కదుపుతున్నాడు.

…భయంతోనా.

…నేను మైకులో అలా చెప్పాక మరీనా. ఊఁ… 'నాకు రాదు' అని ఇంక ఎవరికి చెప్పుకుంటాడు. నిజమే. ఆ దారి నేనే మూసేశాను. నేను ఇలా ఆలోచించలేదక్కా.

…ఎవరు, నువ్వా?

…ఎన్నేళ్ళప్పుడు?

…పాటల పుస్తకం పట్టుకుని నిలబడేదానివి… అన్ని పాటలూ నోటికొచ్చు కాబట్టి… మీ అమ్మ కూడా నీకు చదువొచ్చనే అనుకుందా. అందరితో చెప్పుకునేదా.

…ఊఁ.

…తర్వాత అడగడానికి సిగ్గేసింది. పన్నెండేళ్ళకి పన్లోకి పంపించేశారు. ఊఁ.

…ఇప్పటికీ పట్టుకుంటావు కదక్కా ఆ పుస్తకం. నేను ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నాను. దాని వెనక ఇదుందని నాకు తెలీదు.

…వాడికి చెప్పాలా? ఇప్పుడేనా? నాకు మూడున్నరకి కాల్—

…సరే. పోనీ. మూడున్నరది పోనీ.

…అలాగే, ఇప్పుడే. కానీ నువ్వు ఫోను పెట్టెయ్యకు. నువ్వు వింటూ ఉంటే నేను మాట మార్చలేను. రెండే నిమిషాలు. ఉండక్కా.

ఆశేరూ. ఇటు రా నాన్నా.

…పుస్తకం వద్దు. అక్కడ పెట్టేసి రా.

…నువ్వేం చెయ్యలేదు. ఎవరూ తిట్టరు. కూర్చో ఇక్కడ. ఇంకా దగ్గరికి.

ఆదివారం గుళ్ళో నువ్వు చదవలేదు కదా.

…నా వైపు చూడు. నాకు తెలుసు. అప్పుడే తెలుసు.

…ఆ, మైకులో చెప్పకముందే తెలుసు. నువ్వు కాదు నాన్నా అబద్ధం చెప్పింది. నేను.

…రాకపోతే రాదు. అక్షరాలు నీకు నేను నేర్పించలేదు, నీకెలా వస్తాయి.

…నాన్నమ్మకి నేను చెప్పుకుంటాను. …గుళ్ళో కూడా నేనే. నువ్వు లేచి నిలబడక్కర్లేదు.

…ఏడు. ఫర్వాలేదు. ఏడు.

…ఎవరితో మాట్లాడుతున్నానా? పాపాయి ఆంటీతో. ఆవిడే చెప్పమంది నీకు. ఆగు, ఒక్క నిమిషం.

అక్కా, విన్నావా? …అక్కా?

హలో?

…పెట్టేసింది నాన్నా. వందనాలు కూడా చెప్పకుండా పెట్టేసింది.

…తెలీదు. కోపమొచ్చో, బడికి టైమైపోతోందనో.

…రెండూ అయ్యుంటాయి.