ఆ తీగ ఎంత దించాలి?

రికార్డింగ్ స్టూడియో మెట్ల మీద గిటార్ సంచితో కూర్చున్న ఆవిడ దగ్గరికి ఆల్బమ్ నిర్మాత పరుగున వచ్చాడు.

“అక్కా, సాయంత్రమే కచేరీ. మొదటి పాటలో నువ్వు వాయించిన గిటార్ ముక్కతో మన గాయకుడు పొద్దుట్నుంచీ కుస్తీ పడుతున్నాడు. చేతికి రావట్లేదు.”

“రాదు. తీగల శ్రుతి నా పద్ధతిలో మార్చుకుని వాయించాను.”

“ఏ తీగ ఎంత దించావో చెప్పు, చాలు.”

“నన్నే వేదికెక్కించండి, వాయిస్తాను.”

“అమ్మో! జనం ముందు ఆయన పరువు గంగలో కలుస్తుంది.”

“నా వేళ్లు కాయలు కాసినప్పుడు నా పరువు ఎవరికీ గుర్తు రాలేదే!”

“ఈ ఒక్కసారికి నా మొహం చూసి చెప్పక్కా.”

ఆవిడ సంచిలోంచి ఆల్బమ్ అట్ట తీసి అతని చేతిలో పెట్టింది.

“గిటార్ అన్నచోట ఎవరి పేరు వేశావో గట్టిగా చదువు. వెళ్లి ఆయన్నే అడుగు.”