వాయిదాకి మీ వదిన రాసుకున్న అర్థాలు

హలో… ఆ, నేనే. వడ్రంగిని… ఏ వడ్రంగా? మీ అన్నని. గొంతు మర్చిపోయుంటావని పని కూడా చెప్పాను.

…

ఏం మునిగిపోలేదు. పొద్దున్నుంచీ తూర్పున మబ్బు నల్లగా దిగుతోంది. ఇంటికి తలుపు లేదు కదా, మంచం మీంచే ఆకాశమంతా కనబడుతుంది. అదొక సౌకర్యం.

… టార్పాలిన్ పట్టా కట్టాను. వడ్రంగి ఇంటి గుమ్మానికి మూడు నెలలుగా పట్టా. అది చూసి జనం పనులివ్వడానికి ఎగబడుతున్నారు.

… నవ్వకు. నవ్వించడానికి చెయ్యలేదు.

ఇంగ్లీషు గురించి చేశాను… అవును, ఇంగ్లీషే. మీ వదినకి రేపు పరీక్ష. ఆసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగం… నలభై రెండేళ్లయితే ఏం, నీకేం కష్టం? పుట్ ఆఫ్ అని ఒక మాట ఉందట. దాని అర్థాలు బట్టీ పడుతోంది. నేను నోటుబుక్కు పట్టుకుని అప్పజెప్పించుకుంటున్నాను. నాకైతే బాగా తెలిసిన మనిషిలా కనబడింది ఆ మాట.

విను. వాయిదా వెయ్యడం. వెనక్కి నెట్టడం. రేపు చూద్దాంలే అనడం. పోస్ట్‌పోన్, డిలే, డిఫర్, ఇవన్నీ దాని తోడబుట్టినవట. మాట్లాడుకుంటాయో లేదో రాయలేదు.

… ఉండు, ఉదాహరణలు నీ మాటల్లోంచే చెప్తా. 'వచ్చే ఆదివారం వస్తా', ఇది పోస్ట్‌పోన్. 'ఫ్యాక్టరీలో సెలవివ్వలేదు', ఇది డిలే. 'నడుం పట్టేసింది', ఇది డిఫర్… ఏంటి, నడుం నిజమేనా? ఏ పక్క?… వేడినీళ్ల కాపడం పెట్టు.

రెండో అర్థం కూడా ఉంది. ఎదుటివాడి మనసు విరిగేలా చెయ్యడం. అది చదివి మీ వదిన నావైపు చూసింది. ఎందుకు చూసిందో తెలీదు.

… తెలుసులే.

…

సొంత వాక్యం ఒకటి రాయాలట. రాసింది. నీ మీదే రాసుంటుందని సంబరపడి, తెలుగులో చెప్పమన్నాను. 'మా ఆయన తన తమ్ముడికి నిజం చెప్పడం మూడు నెలలుగా వాయిదా వేస్తున్నాడు.'

… ఏ నిజమా.

…

ఈ గుమ్మానికని మనం చేసిన తలుపు రెక్కలు. ఒకదాని అంచుకి లోపలివైపు మెట్టులా చెక్కి తియ్యాలి, ఇంకోదానికి బయటివైపు. అప్పుడే ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. మనిద్దరం ఒకే వైపు తీశాం. మూస్తే మధ్యన వేలెడు సందు. తప్పు నీదన్నాను… అవును, పనిచ్చేవాళ్ల ముందే అన్నాను. ఎడమచేతివాడికి ఉలి ఇస్తే ఇంతేనన్నాను. అదీ గుర్తుంది.

మన పద్ధతేంటి? పెద్దవాడు పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెడతాడు. చిన్నవాడు గుర్తున్న వైపు కోస్తాడు, ఎందుకని అడగడు. నాన్న చెప్పి పోయిన పద్ధతి. నువ్వు అడగలేదు. గుర్తున్న వైపే కోశావు.

గుర్తు నేనే తప్పు పెట్టాను.

… ఎప్పుడంటే, ఆ రోజే. నువ్వు బస్సెక్కాక నీ రెక్క తిప్పి చూశాను. చూసి… చిత్రిక పట్టేశాను. గుర్తు పోయేదాకా పట్టాను. పొట్టు కూడా ఊడ్చి పొయ్యిలో వేశాను.

…

తిట్టు… తిట్టవా? సరే, అదీ వాయిదాయే అన్నమాట.

కొత్త రెక్కకి చెక్క తెచ్చి గోడకి ఆనించాను. గుర్తు పెట్టలేదు. నువ్వు పెట్టు. నేను కోస్తాను. ఎందుకని అడగను.

… వస్తావా? ఏ ఆదివారం?… ఇవాళా? మరి ఇందాకటి నడుమో?… తగ్గిపోయిందా. కాపడం మాట చెవిన పడితేనే తగ్గే నడుం నీది.

… ఊఁ. వంట నాదే, తను చదువుకోవాలి. ఉప్పెక్కువైనా మాట్లాడకు. తినేటప్పుడు ఆ తలుపు సంగతి ఎత్తకు. క్షమించమనడం లాంటివి నాకు చేతకావు. ముగ్గురం కూర్చుని, మాటామంతీ లేకుండా తిందాం. తిన్నాక చెక్క చూద్దాం.

… ఉంది. నీ కంచం అక్కడే బోర్లించి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు… కడుగుతాలే.

చినుకు పడుతోంది. పెట్టెయ్, బస్సు పోతుంది.