కెప్టెన్ కోటు అసలు రంగు

కుంచె బాబాయ్ చెప్పాలనుకున్నది నిజానికి ఒక్క ముక్కే. సినిమా హాల్లో గాజు పెట్టెలో పెట్టిన ఓడ కెప్టెన్ కోటుకి, పాత సినిమాలో హీరో వేసుకున్నలాంటి కోటుకి, రంగేసింది తనేనని. మూడు నెలలుగా బోర్డులు రాసే పని లేదు. అదే సినిమాలోని రాణి అంగీకి కూడా అలాగే రంగు వేయించాలని, హాలుకి కొత్తగా వచ్చిన మేనేజరు మనిషి కోసం చూస్తున్నాడని తెలిసింది. ఆయన టీ తాగే వేళ కనిపెట్టి, ఎదురు బెంచీ మీద సర్దుకు కూర్చున్నాడు.

"ఏదో చేశాంలెండి సార్," అని వినయంగానే మొదలెట్టాడు. "సినిమాలో ఉన్న రంగు ఉన్నట్టు దింపాలి, అంతేగా. అది నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు, వానకి ముందు సముద్రం ఉంటుందే, ఆ రంగు. ఏడు డబ్బాలు కలిపాను, రాలేదు. పదిహేడు కలిపాను, ఊహూఁ. ఆఖరికి నూట డెబ్బై..."

"అన్ని డబ్బాలు ఇంట్లో ఎక్కడ పెట్టావు బాబాయ్?" అంది టీ కొట్టు అమ్మాయి, గ్లాసులు కడుగుతూ.

"మంచాలు బయటేసుకున్నాం అమ్మాయ్! మీ పిన్ని ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. సరే, రంగు కుదిరింది. కుదిరిందని ఎలా తెలిసిందో తెలుసా? సినిమా ఆపించి, కోటు పట్టుకుని తెర ముందు నిలబడ్డాను. కోటు మాయం! తెరలో కలిసిపోయింది. గంటసేపు తడుముకున్నాను."

మేనేజరు నవ్వాడు. ఆ నవ్వుతో బాబాయ్‌కి ఊపొచ్చింది.

"రంగొక్కటే చాలదు సార్. ఇరవై ఏళ్లు సముద్రం మీద తిరిగిన కోటు పెళ్లికొడుకు బట్టల్లా మెరిస్తే ఎలా? మోచేతుల దగ్గర గరుకు కాగితంతో అరగదీశాను, బొత్తాల చుట్టూ స్పాంజితో తుప్పు రంగు అద్దాను, టీ డికాక్షన్ చల్లాను, ఉప్పునీళ్లలో ముంచి ఎండేశాను. అక్కడితో ఆగితే బాగుండేది, ఇంకొంచెం అనుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కోటుకి నిజంగానే వయసొచ్చేసింది! బస్సెక్కితే ఒకాయన లేచి సీటిచ్చాడు. నాక్కాదు సార్, కోటుకి!"

"టికెట్టు కొట్టారా దానికి?" పక్కనే ఉన్న మెకానిక్ అడిగాడు.

"సగం టికెట్టే, ముసలివాళ్లకిచ్చే రాయితీ. మెట్లెక్కితే ఆయాసపడేది. ముసురు పట్టిందంటే మోకాళ్ల నొప్పులని ఒకటే మూలుగు."

"కోటుకి మోకాళ్లెక్కడివి?"

"మోచేతులన్నాను, సరిగ్గా విను! ఆఖరికి అసలు కోటు దాచిన మ్యూజియం వాళ్లొచ్చారు. రెండూ పక్కపక్కన పెట్టి మూడు రోజులు చూశారు. నాదే అసలుదని పట్టుకుపోయి, వాళ్లది మన హాల్లో వదిలేశారు!"

మేనేజరు గ్లాసు కింద పెట్టాడు. "అంటే మా పెట్టెలో ఉన్నది నువ్వు చేసింది కాదన్నమాట."

మూడు నెలల తర్వాత దొరకబోయిన పని, బాబాయ్ తన నోటితో తనే పోగొట్టుకున్నాడు. అటూ ఇటూ చూశాడు.

ఇందాకటి నుంచి మూల కూర్చుని అంతా వింటున్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు. ఒకప్పుడు ఆ హాల్లో ప్రొజెక్టర్ నడిపిన ఆపరేటరు తాతయ్య. "ఆ సినిమా యాభై రోజులు నా చేతుల మీదుగానే ఆడింది. మొదటి రీలు నుంచి ఆఖరి రీలు దాకా నలుపూ తెలుపే. అందులో నీకు సముద్రం రంగు ఎక్కడ కనిపించిందిరా?"

మెకానిక్ నవ్వు ఆపుకోలేక బెంచీ మీద పడిపోయాడు.

"పోస్టర్లో," అన్నాడు బాబాయ్, తనకే వినపడనంత మెల్లగా. "కోటు నేనే చేశాను సార్. మ్యూజియం వాళ్లెవరూ రాలేదు."

మేనేజరు ఆయన గోళ్ల సందుల్లో ఇంకా వదలని ఆ రంగుని చూశాడు.

"కోటు బాగుందయ్యా. రాణి అంగీ రేపొచ్చి పట్టుకెళ్లు. ఒకటే షరతు. జనం వచ్చినప్పుడు పెట్టె పక్కన నిలబడి నువ్వు దాని గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదు."

ఒప్పుకోవడానికి బాబాయ్‌కి ఇంకో రెండు టీలు పట్టాయి.