బుట్టెడు తపసి బంక

అశ్వారావుపేట పండ్ల దవాఖానాలో బొజ్జయ్య తన కట్టుడు పండ్లు తీసి డాక్టరమ్మ ముందు ఠపీమని పెట్టాడు.

"ఏడాది కాకముందే వదులైనయి. ఎల్లుండి కొత్తల పండుగ. కోడికూర ఎట్ల నమలాలె?"

"పండ్లు అవే, తాతా. నీ దవడ ఎముక తగ్గింది."

"ఎముక గూడ తగ్గుతదా?"

"పన్ను పీకినంక దానికి పనుండదు. మొదటి ఏడాది బాగ తగ్గుతది."

"పీకినప్పుడు చెప్పకపోతివి."

"చెప్పిన. నువ్వే ఇనలే. మరి ఇన్నాళ్లు ఎట్ల తిన్నవ్?"

"తపసి బంక పొడిజేసి అంటిచ్చుకున్న. నేను అడవిల చెట్టు నుంచి తీసిందే."

ఆమె నవ్వి ఓ డబ్బా చూపింది. "పండ్లు అతికే పొడి. ఇదీ ఆ బంకదే."

బొజ్జయ్య వాసన చూశాడు. అవును, అదే. ముఖం విప్పారింది.

"సాయంత్రానికి పండ్లకు లోపల పొర ఏసి బిగుతు చేస్త. డబ్బా తీస్కపో."

"పొర ఎయ్యి. డబ్బా ఎందుకు? ఇంట్ల బుట్టెడుంది, నీకే తెచ్చిస్త."