నిండు వాక్యానికి ఉలిక్కిపడిన ఫుల్‌స్టాప్ మేడమ్

1994 జూలై నాలుగవ తేదీన, తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తోచక గుమ్మంలోనే నిలబడిపోయిన భాషాధ్యాపకురాలు నేడు మన కళాశాల నుండి పదవీ విరమణ చేస్తున్నారు. మొదట మెట్ల కింది ఇరుకు గదిలోనూ, ఆ తరువాత పై అంతస్తులో విభాగాధిపతిగానూ వారు నేర్పినది ఒక్కటే: మొదలుపెట్టిన వాక్యాన్ని ముగించాలి. విద్యార్థులు ‘ఫుల్‌స్టాప్ మేడమ్’ అని పేరు పెడితే వారు లోలోపల మురిసిపోయారు.

సెల్‌ఫోన్లు వచ్చాక ఆ మురిపెం తగ్గింది. శుభోదయం ‘జీఎమ్’ అయింది, కృతజ్ఞత ‘టీక్యూ’ అయింది, సరేనన్న మాట ఒంటరి ‘కే’గా మిగిలింది. మేడమ్‌గారు గొణుక్కుంటూనే ప్రతిదానికీ నిండు వాక్యంలో జవాబిచ్చేవారు. మాటల్లో అందరిలోకీ పిసినారి, హాస్టల్లో ఉండే రెండవ సంవత్సరం అమ్మాయి. ఆమె నుండి ‘కే’ తప్ప మరొకటి రావడం వారు ఎరుగరు.

ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూములో ఉండగా ఆ అమ్మాయి సందేశం వచ్చింది: “మేడమ్, మీరు నాపై చూపిన ఆదరణకు ధన్యవాదాలు. ఇక సెలవు.”

“మీ పంట పండిందండీ! స్వీట్లెప్పుడు?” అన్నారు లెక్కల మాస్టారు.

మేడమ్‌గారి ముఖం పాలిపోయింది. “ఇంత ఒద్దికగా రాసిందంటే, ఆ పిల్ల వెళ్ళిపోతోందండీ!”

హాస్టల్ గది ఖాళీ. పరుగున బస్టాండుకు వెళ్తే, పెట్టె మీద కూర్చుని కనిపించింది. సెమినార్లో వ్యాసం చదవబోయి నోరు పెగలకపోతే అందరూ నవ్వారట. చదువు మానేసి ఇంటికి పోతోంది.

“అంత పొడుగు మెసేజ్ పెడితే నా గుండె ఆగిపోదుటే?”

“పూర్తిగా రాయమన్నది మీరే కదా మేడమ్!”

“రాయమన్నాను గానీ, పొమ్మన్నానా? లే. వాళ్ళ ముందే మళ్ళీ చదువుదువుగాని. నేను పక్కనే ఉంటాను.”

బస్సు ఆమె లేకుండానే కదిలింది. తరువాతి వారం ఆ అమ్మాయి వణుకుతూనే వ్యాసమంతా చదివింది. మేడమ్‌గారు మాట ప్రకారం పక్కనే నిలబడ్డారు. ఆనాటి నుండి ఉదయాన్నే ‘జీఎమ్’లు టకటకా వచ్చి పడుతుంటే వారు విసుక్కోవడం మానేశారు. “హమ్మయ్య, అందరూ ఉన్నారు,” అనుకుని చాక్‌పీసు అందుకునేవారు.

కంటిచూపు, కాలిసత్తువ తగ్గకుండా, ఇంటివారి నడుమ నవ్వుతూ వారు నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని సహోద్యోగులందరి ఆకాంక్ష. ఇన్ని పూర్తి వాక్యాలు చూసి వారు కంగారుపడవద్దని మనవి. రేపు ఉదయం మా నుండి ‘జీఎమ్’ వస్తుంది.