నలభై తర్వాత యాభై ఏడు

నన్నడిగి కట్టారా అమ్మా ఆ బ్యానరు? పొద్దున్నే కిటికీ తీస్తే ఎదురుగా నేనే. పన్నెండడుగుల నేను. పెన్షన్ కార్డు మీది ఫోటో అది, చెవులు రెండూ బయటికొచ్చి, అప్పుడే ఎవరో తిట్టి పంపినట్టు మొహం. కింద అక్షరాలు చూశారా? ‘ఊరి కోసం ఊపిరి వదిలిన మహనీయుడు’. ఊపిరి వదిలాడంటే పోయాడనే కదా అర్థం? అది రాయించిన మందుల షాపాయనకి ఆ మాత్రం తెలియొద్దూ?

కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దానికో కాలు కుదురుగా ఉండదు. ఇటు రండి. ఫైలు చూడగానే తెలిసింది లెండి, ప్లానింగ్ సెక్షనేనని. ముప్పై ఏడేళ్ళు అదే సెక్షన్లో డ్రాఫ్ట్స్‌మన్‌గా గీతలు గీశాను. రిటైరై ఆరేళ్ళయింది, ఇప్పటికీ మున్సిపాలిటీ ఫైలు కనబడితే ముందు తుమ్ము వస్తుంది నాకు.

చదవక్కర్లేదమ్మా, మీ ప్రశ్న నాకు కంఠతా వచ్చు. నోటీసు వచ్చి పది రోజులైంది. ఎదురుగా ఉన్న గ్రౌండుని లేఅవుట్‌లో బుద్ధిపూర్వకంగా ఖాళీగా వదిలారా, లేక పొరపాటున వదిలారా? బుద్ధిపూర్వకంగా అంటే గ్రౌండు గ్రౌండుగానే ఉంటుంది. పొరపాటు అంటే మీవాళ్ళు అక్కడ షాపింగ్ కాంప్లెక్స్ లేపుతారు. రేపే విచారణ. ఇంజినీరుగారు పోయారు, సర్వేయరు పోయాడు, మిగిలిన సాక్షిని నేనొక్కణ్ణే. నేను కూడా పోయుంటే మీకు రెండంతస్తులు ఎక్కే శ్రమ తప్పేది.

అసలు ఇదంతా మీ రికార్డు రూము పుణ్యం. నా సర్వీసంతా ఏ కాగితం అడిగినా ఎలుకలు కొట్టేశాయనేవాళ్ళు. ఆఖరికి నా పెన్షన్ కాగితాలు కూడా ఎలుకలే తిన్నాయి. ఇప్పుడు చూడండి, నలభై మూడేళ్ళ నాటి పెన్సిల్ డ్రాఫ్టు చెక్కుచెదరకుండా దొరికింది. ఏం తినాలో ఏం తినకూడదో తెలిసిన ఎలుకలమ్మా అవి. ప్రమోషన్ ఇవ్వండి.

ఆ డ్రాఫ్టులో గ్రౌండు లేదు. పదహారు ఇళ్ళ స్థలాలున్నాయి, నలభై ఒకటి నుంచి యాభై ఆరు దాకా. నా చేతిరాతే, కాదంటానా?

నంబర్ల సంగతా? వస్తున్నా, వస్తున్నా. నిజమే, మా వీధిలో నలభయ్యో నంబరు ఇల్లు దాటితే యాభై ఏడు. ముగ్గురు పోస్టుమాన్లు మారారు, ముగ్గురూ నలభై ఎనిమిది ఎక్కడండీ అని నన్నే అడిగారు. ఈ వీధిలో ఎవరికీ దొరక్కూడదనుకునే ప్రతివాడూ ఇచ్చే చిరునామా అదే. కావాలని ఖాళీ వదిలినవాడు నలభై తర్వాత నలభై ఒకటే వేస్తాడు కదా అంటారు మీరు. మంచి ప్రశ్న. ఇన్నేళ్ళకి మీ ఆఫీసులో బుర్ర ఉన్న మనిషి చేరింది, చేరి చేరి ఈ ఫైలే పట్టుకుంది. నా జాతకం.

ఒక్క నిమిషం ఉండండి, కిటికీలోంచి చూస్తాను. ఆ... ఏడో చుట్టు. అదిగో, ఆ తెల్ల బూట్లు, మా ఆవిడ. మోకాలు మార్చాక డాక్టరు రోజూ నడవమన్నాడు, కానీ రోడ్డు మీద వద్దు, మట్టి నేల మీదే అన్నాడు. మట్టి నేల ఈ ఊళ్ళో ఇంకెక్కడుంది చెప్పండి? రోజుకి పదకొండు చుట్లు. ఒకటి తగ్గదు, ఒకటి పెరగదు. ఆవిడ వచ్చేలోగా మన పని తెముల్చుకుందాం.

బుద్ధిపూర్వకంగా అంటే గుర్తొచ్చింది. నా సర్వీసులో బుద్ధిపూర్వకంగా మూడు పార్కులు గీశాను. చెట్లు, బెంచీలు, నడవడానికి వంకర దారి, అన్నీ. ఒకటి సినిమా హాలైంది. ఒకటి కార్ల షోరూమైంది. మూడోదే మీ కొత్త ఆఫీసు. మీ సీటెక్కడ, మెట్ల పక్కనా? సరిగ్గా అక్కడ పిల్లల ఊయల గీశానమ్మా. కుర్చీ ఊగినట్టు అనిపిస్తే కంగారుపడకండి.

ఇక గ్రౌండు కోసం పోరాడే మా ఉద్యమవీరుల సంగతి వినండి. అధ్యక్షుడు లాయరుగారు. మొన్నటిదాకా ఆయన రెండు కార్లూ గ్రౌండులోనే పడుకునేవి. ఉద్యమం మొదలైన రోజు ఒక కారు తీశారు, అది త్యాగం. రెండోది ప్రచార వాహనం, కాబట్టి ఉండొచ్చు. కార్యదర్శి మందుల షాపాయన. ఖాళీ అట్టపెట్టెలన్నీ ఇరవయ్యేళ్ళుగా అక్కడే తగలబెట్టాడు, ఇప్పుడు ‘స్వచ్ఛమైన గాలి మా హక్కు’ అని రాసిన అట్ట పట్టుకుంటాడు. ఆ అట్ట కూడా మందుల పెట్టెదే, వెనక ‘ఎండ తగలనివ్వరాదు’ అని ఉంటుంది. నిజంగా మనసు పెట్టి తిరిగేది ఈల టీచరమ్మ ఒక్కతే. ఆటలు నేర్పి రిటైరైంది. నినాదం మొదలవ్వాలంటే ఒక ఈల, ఆగాలంటే రెండు. ఆవిడే గడప గడపా ఎక్కి తొమ్మిది వందల సంతకాలు తెచ్చింది. నా గడప ఎక్కి సంతకం అడగలేదు. ‘మీరు ఇవ్వాల్సింది ఎప్పుడో ఇచ్చారు మాస్టారూ’ అని దణ్ణం పెట్టింది. ఆ రోజు అన్నం సయించలేదు నాకు.

సన్మానం చేశారు కదా పోయిన ఆదివారం. నన్ను ములగచెట్టు ఎక్కించి కింద నిలబడి చూశారు. మాట్లాడమన్నారు. లేచి, ‘ఇందులో నేను చేసిందేమీ లేదండీ’ అన్నాను. అక్షరాలా నిజం చెప్పానమ్మా. ఎంత వినయమో అని రెండు నిమిషాలు చప్పట్లు. ‘కాదండీ, నిజంగానే’ అన్నాను. మూడు నిమిషాలు.

మొదటి వరసలో మా ఆవిడ. కొత్త మోకాలితో లేచి నిలబడి మరీ కొట్టింది. నలభై మూడేళ్ళ కాపురం, నా కోసం చప్పట్లు కొట్టడం అదే మొదలు. ఇన్నాళ్ళూ మీవారేం చేస్తారని ఎవరైనా అడిగితే ‘ఏవో గీతలు గీస్తారు’ అని మాట మార్చేది. ఇప్పుడు బస్సులో పక్కసీటు మనిషి అడగకపోయినా చెబుతోంది, ‘ఆ గ్రౌండు మావారే వదిలారు’ అని.

ఎన్నో చుట్టు? తొమ్మిది. సరే. పెన్ను పక్కన పెట్టండి కాసేపు.

ఉద్యోగంలో చేరి ఏడాది నిండలేదు. పెళ్ళయి నాలుగు నెలలు. ట్రేసింగ్ క్లాత్ అని గంజి పెట్టిన గుడ్డ ఉండేది, దాని మీద సిరాతో ఆఖరి ప్లాను, పదకొండు రోజుల పని, ఇంకో గంటలో అయిపోతుంది. కుడిచేత్తో గీస్తూ ఎడంచేత్తో టీ గ్లాసు అందుకున్నాను. గ్లాసు కాదది, సిరా బుడ్డి. అంతే. నలభై ఒకటి నుంచి యాభై ఆరు దాకా, కొలిచి పోసినట్టు. మిగిలింది నా చొక్కా మీద.

సిరా పడితే బ్లేడుతో గీకేవాళ్ళం. గీకాను. గీతలు పోయాయి, నంబర్లు పోయాయి, క్లాత్ పలచబడిపోయింది. ఇక దాని మీద గీత గీస్తే పాకిపోతుంది. ఇంజినీరుగారు పెన్సిల్ మొన విరిగిందని ఒకణ్ణి నలుగురి ముందు ఏడిపించిన మనిషి. మధ్యలో అరచేతంత జాగా మాత్రం బాగుంది. అక్కడ రెండు మాటలు రాశాను, ‘ఖాళీ స్థలం’ అని.

ఆయన చూడకుండా సంతకం పెట్టారు. ఆయన సంతకం చూసి పైవాళ్ళు, వాళ్ళది చూసి కౌన్సిలు. అదే మీరు వెతుకుతున్న దూరదృష్టి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఈ నలభై మూడేళ్ళలో ఆ గ్రౌండులో అడుగు పెట్టలేదు నేను. బస్టాపుకి కూడా చుట్టూ తిరిగి వెళతాను, సిగ్గేసి.

రాసుకోండి మరి. మహనీయుడి మోచెయ్యి తగిలింది అని రాసుకోండి. రేపట్నుంచి మా ఆవిడ నడవడానికి నేల లేక మెట్లు ఎక్కి దిగుతుంది, టీచరమ్మ ఈల దాచిపెట్టుకుంటుంది. నా బ్యానరు మారుస్తారేమో. ఫోటో మార్చక్కర్లేదు, ఆ మొహం దేనికైనా సరిపోతుంది.

ఇదేమిటి? పదోదేగా అయింది? ఎంతసేపైంది నువ్వొచ్చి గుమ్మంలో నిలబడి?

ఏ చొక్కా? ఆ చొక్కా... నువ్వా? మూడు రోజులు నానబెట్టావా? నాకు తెలీదే. పోలేదని ఇల్లు తుడిచే గుడ్డ చేశావా, సరే. కానీ సిరా మరక చూసినంత మాత్రాన... నిద్రలోనా? నేనా? ‘యాభై ఆరు పోయింది, యాభై ఆరు పోయింది’ అని వారం రోజులా?

మరి అన్నీ తెలిసి అంతంత చప్పట్లు ఎందుకు కొట్టావ్?

ఏమంటోందో విన్నారా అమ్మా? సిరా ఒలకడం పొరపాటేనట. కానీ ‘ఖాళీ స్థలం’ అని రాసింది సిరా బుడ్డి కాదు కదా అంటోంది. వాటర్ ట్యాంకు అని రాయొచ్చు, మార్కెట్ అని రాయొచ్చు, అవి రాయలేదేం అంటోంది. అవి రాస్తే కొలతలు వెయ్యాలే, గోడలు గీయాలే. ఖాళీకయితే ఏమీ అక్కర్లేదు. అందుకే రాశాను. దీనికేదో గొప్ప మనసు అంటగట్టకు.

ఇంకొకటి, ఇది నీకూ తెలీదు, విను. బీరువాలో కొత్త క్లాత్ ఉంది. ఇంజినీరుగారు పదిహేను రోజులు సెలవులో ఉన్నారు. పెన్సిల్ డ్రాఫ్టు నా చేతికిందే ఉంది. కావాలంటే మొత్తం మళ్ళీ గీయొచ్చు. బల్ల మీద కొత్త క్లాత్ పరిచాను కూడా. పరిచి, కాసేపు చూసి, మడిచి మళ్ళీ లోపల పెట్టేశాను. భయం అని చెప్పుకున్నాను ఇన్నాళ్ళూ. భయమైతే గీసేవాణ్ణే కదా. బద్ధకం. పదహారు కుటుంబాల ఇళ్ళంత బద్ధకం.

నవ్వుతావేం? మళ్ళీ ఎక్కడికి? ఓ, పదకొండోది మిగిలిందా. వెళ్ళు. మెట్ల దగ్గర జాగ్రత్త.

చూశారుగా అమ్మా, చొక్కా సంగతి దాచిపెట్టి నలభై మూడేళ్ళు కాపురం చేసింది. మీరూ నేనూ ఏం దాచగలం?

రాయండి. బుద్ధిపూర్వకంగానే వదిలాను. ఎలాంటి బుద్ధి అని అడిగే గడి మీ ఫారంలో లేదు కదా? లేకపోవడమే మంచిది. సంతకం ఎక్కడ, ఇక్కడా? ఏదీ, పెన్ను ఇలా ఇవ్వండి. బాల్ పెన్నేగా? అయితే ఫర్వాలేదు.