గోడ మీద సర్టిఫికెట్, కింద మా కవిత

ఏమన్నవ్ శిరీషా? ఫార్మసీ చదివితే గా చదువుకు తగ్గ నౌకరి దొరుకుతదా అనా? మీ నాయిన అడిగి రమ్మన్నడా, నువ్వే అడుగుతున్నవా? సరే, గా పీట గుంజుకొని కూసో. నాకు కాలేజీల సంగతి ఏమెరుక బిడ్డా, తాండూరు పప్పు మిల్లుల కందులు చెరిగినదాన్ని. మా మనుమరాలు కవిత సంగతైతే ఎరుక. అదే చెప్త.

కవిత మా పెద్దకొడుకు బిడ్డ గదా. వికారాబాద్ దిక్కు కాలేజీల చదివింది. పొద్దుగాల రైలుకు పోతే పొద్దుమీకి వచ్చేది. మా కాలంల మందులంటే ఏమున్నదే, పావలా ఇస్తే ఊర్లె ఆరెంపీ డాక్టరు ఓ తెల్ల గోలి, ఓ ఎర్ర గోలి పొట్లం కట్టిచ్చేటోడు. జెరమొచ్చినా అదే, నడుము నొచ్చినా అదే. మా ఆయనకైతే ఓసారి... తియ్, ఆ ముచ్చట ఇప్పుడెందుకు.

ఆ, చదువైంది. అయినంక పట్నంల ఓ ఆఫీసుల పని దొరికింది, దవాఖాన బిల్లులు కంప్యూటర్ల ఎక్కిచ్చుడు. అది చదివిన మందుల పని అండ్ల ఏం లేదు. దాని దోస్తు ఒకామె బట్టల షాపుల ఉన్నది. ఇంకొకడు మందుల కంపెనీల మంచిగనే కుదురుకున్నడు. అందరికి దొరుకుతదని నీతోని అబద్ధమెందుకు చెప్త.

ఓ ఐతారం కవిత ఇంటికొచ్చింది. అదే దినం ఈడ మందుల దుకాణం నడిపే సేటు మా ఇంటికొచ్చిండు. ఎందుకంటే, మందుల దుకాణం నడపాలంటే ఫార్మసీ చదివినోళ్ల సర్టిఫికెట్ ఉండాలెనట. శానామంది ఏం చేస్తరు, దాన్ని కిరాయికిస్తరు. కాయిదం గోడకు ఏలాడుతది, మనిషి ఇంకోతాన ఇంకో పని చేస్కుంటది. నెల తిరిగితే పైసలొస్తయ్. సేటు గదే అడిగిండు. మా కొడుకు మస్తు సంబురపడ్డడు, ఉత్తగ ఇంట్లకొచ్చే పైసలు ఎవరు వద్దంటరు?

కవిత చాయ్ ఇచ్చుకుంట, "సర్టిఫికెట్ వస్తే దాని ఎంబడి నేను గూడ వస్త సేటూ. దాన్నొక్కదాన్ని పంప" అన్నది.

సేటు నవ్విండు. దుకాణంల పిల్లగాండ్లున్నరు, నువ్వొచ్చి ఏం చేస్తవమ్మా అన్నడు. చదువుకున్న పని చేస్త అన్నది. ఇంకో సర్టిఫికెట్ దొరకనట్టున్నది, ఒప్పుకున్నడు. పట్నం నౌకరి ఇడిసిపెట్టిందని వాళ్ల నాయిన దానితోని మాట్లాడుడే బందు పెట్టిండు. నేనైతే లోపల లోపల మురిసిన. నా మొండితనమే వచ్చింది దానికి, యాడికి పోతది.

ముందుగాల దాన్ని ఎవ్వరడగలే. వచ్చినోళ్లు పిల్లగాండ్లకే చీటీ ఇచ్చేటోళ్లు. గట్లుండంగ దౌల్తాబాద్ దిక్కు పెద్దమనిషి ఒకాయన బీపీ గోలీలకొచ్చిండు. నేను మోకాళ్ల నూనె కోసం పోయి గాడనే బల్ల మీద కూసున్న, నా కండ్ల ముంగటనే అయింది. ఆయనకు కండ్లు తిరిగి కౌంటర్ పట్టుకున్నడు. సంచిల ఇంకేమున్నయో జర చూపియ్ పెద్దనాయినా అన్నది కవిత. సర్కారు దవాఖానల ఇచ్చిన గోలీలు కొన్ని, ఇదే దుకాణంల కొన్నయి కొన్ని. పేర్లు వేరు, రంగులు వేరు. ఆయన రోజు రెండు తీర్లయి మింగుతున్నడు.

"రెండు ఒకటే మందు పెద్దనాయినా. ఒక్క దినంల రెండు దినాల మందు మింగుతున్నవ్" అన్నది.

గోలీలియ్యలే. బేరం చెడగొడ్తవా అని సేటుకు గుస్స. ఇది చీటీ రాసిన డాక్టరుకు ఫోన్ కొట్టింది. పిల్ల చెప్పిందే నిజం, జల్ది నా దగ్గరికి తోలమన్నడు డాక్టరు. నాకు ఛాతి ఇంతైంది. పక్కన కూసున్నామెను అడగకున్నా చెప్పిన, గా పిల్ల నా మనుమరాలు అని.

ఆయన మంచిగయి ఊర్లె చెప్పిండు. ఇప్పుడు బంట్వారం నుంచి, పరిగి నుంచి గూడ ఇంట్ల ఉన్న గోలీలన్ని సంచిల ఏసుకొని దాని దగ్గరికే వస్తరు. మాట్లాడుడు బందు పెట్టిన వాళ్ల నాయిన గూడ ఇప్పుడు అండ్లనే. మొన్న కవితకు జెరమొచ్చి దుకాణానికి పోలే. సేటే ఇంటికొచ్చిండు. అవ్వా, బిడ్డ లేదంటే మందులు కొనకుంట బల్ల మీద కూసుంటున్నరు, రేపన్న వస్తదా అని అడిగిండు.

"గోడకు సర్టిఫికెట్ ఉన్నది కద సేటూ" అన్న నేను.

తల కిందికేసి నవ్విండు పాపం. చాయ్ పోసిచ్చి తోలిన.

నువ్వు గూడ చదువు శిరీషా. మీ నాయినకు నేను చెప్త. ఎన్నడన్న ఎవడన్న వచ్చి కాయిదం ఒక్కటే ఇయ్యమంటే మాత్రం ఇయ్యకు. నువ్వు దుకాణంల కూసున్ననాడు నా మోకాళ్ల నూనె నీ తాన్నే కొంట, గా దేవుడు అప్పటిదాక నన్నుంచితే... ఉంచుతడు తియ్. సల్లగుండు బిడ్డా.